పుదుపేట కమాన్ పట్టీ

ఆ కత్తికి కావలసిన ఉక్కు మద్రాసు పుదుపేటలో నలభై రూపాయలకు దొరికింది. 2005 ఫిబ్రవరి, ఒక ఆదివారం పొద్దున. కూవం ఒడ్డు సందుల్లో విప్పేసిన బండ్ల సామాన్లు కుప్పలు పోసి ఉంటాయి కదా, అందులోంచి లారీ కమాన్ పట్టీ, అంటే బండి బరువు మోసే స్ప్రింగు పట్టీ, ముక్క ఒకటి ఏరుకున్నాను. మూరెడు పొడుగు. ఒక చివర మట్టి, ఇంకో చివర గ్రీజు. కొట్టు కుర్రాడు తూకం వేస్తూ దేనికన్నా అని అరవంలో అడిగాడు. కత్తికి అన్నాను. నన్ను ఒకసారి కింద నుంచి పైదాకా చూసి, ఇంకేం అడక్కుండా డబ్బులు తీసుకున్నాడు.

నేనప్పుడు అంబత్తూరు ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో ఒక చిన్న కంపెనీలో టూల్ రూమ్ ఫిట్టర్‌ని. మా నాన్న పెరంబూరు రైలుపెట్టెల ఫ్యాక్టరీలో పని దొరికి, కావలి దగ్గర పల్లెటూరు నుంచి వచ్చి విల్లివాక్కంలో ఉండిపోయారు. నేను పుట్టిందీ పెరిగిందీ మద్రాసే. కానీ వేసవి సెలవులకి తాతగారి ఊరు వెళ్తే నేనుండేది కమ్మరి కొలిమి దగ్గరే. ఒక్కసారైనా తిత్తి లాగనిస్తారేమో అని పూటంతా కాచుకుని కూర్చునేవాణ్ణి. ఎర్రగా కాలిన కొడవలిని నీళ్ళలో ముంచినప్పుడు సుయ్‌మనే ఆ చప్పుడు ఈ రోజుకీ చెవిలో ఉంది.

వేటకత్తి మీద మనసు పడింది మాత్రం ఒక పాత అమెరికన్ పత్రిక వల్ల. మూర్ మార్కెట్టు 1985లో కాలిపోయాక పాత పుస్తకాల వాళ్ళు సెంట్రల్ స్టేషన్ పక్కన అల్లికుళం కాంప్లెక్స్‌లో కొట్లు పెట్టుకున్నారు. అక్కడ పది రూపాయలకి కొన్న ఆ పత్రికలో బాబ్ లవ్‌లెస్ అనే కత్తుల పనివాడి గురించి ఉంది. 1953లో ఆయన ఓడ మీద పనిచేస్తూ, చేత్తో చేసిన మంచి కత్తి కొందామని న్యూయార్క్‌లో ఒక దుకాణానికి వెళ్తే నెలల తరబడి ఆగాలన్నారట. ఆగలేక, తుక్కు సామాన్ల దొడ్లో పడి ఉన్న 1937 నాటి ప్యాకార్డ్ కారు స్ప్రింగు పట్టీతో తనే ఒకటి చేసుకున్నాడు. అది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మనకి పుదుపేట ఉంది కదా!

లవ్‌లెస్ పేరు చెబితే కత్తుల వాళ్ళకి గుర్తొచ్చేది డ్రాప్ పాయింట్ ఆకారం. కత్తి వీపు పిడి దగ్గర్నుంచి మొనదాకా మెల్లగా కిందికి వాలుతుంది. మొన పైకి లేచి ఉంటే, వేటాడిన జంతువు పొట్ట చీల్చేటప్పుడు అది పేగుల్లో దిగి మాంసం పాడవుతుంది. ఇలా వాలి ఉంటే మొన ఎటు పోతోందో వేలికి తెలుస్తుంది. బ్లేడు నాలుగంగుళాలు మించక్కర్లేదు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక మన దగ్గర వేటకత్తికి వేట లేదు, ఆ సంగతి తెలిసే చేశాను. నాకు కావలసింది ఆ గీత. పండు కోసినా, తాడు తెంపినా, కట్టె చెక్కినా చెప్పినట్టు వినే ఆకారం అది.

మొదటి కత్తి పోయింది. పాత కమాన్ పట్టీలో కంటికి ఆనని పగుళ్ళు ఉంటాయి. ఏళ్ళ తరబడి బరువు మోసి అలిసిపోయిన ఉక్కు మరి. మూడు వారాలు ఆకురాయితో అరగదీసి, వంపు తెచ్చి, కాల్చి నూనెలో ముంచగానే 'టింగ్' అని సన్నగా మోగింది. బయటికి తీసి తుడిస్తే అంచు మీద వెంట్రుకలాంటి గీత. ఆ రాత్రి అన్నం సహించలేదు. మా ఆవిడ కంచం తీసేస్తూ ఏమీ అనలేదు, అదే కాస్త ఓదార్పు.

రెండోది అదే పట్టీలో మిగిలిన సగంతో. ఈసారి కోసిన ముక్కని కిరసనాయిల్లో నానబెట్టి, తుడిచి, ముగ్గుపిండి చల్లి చూశాను. పగులుంటే కిరసనాయిలు అందులోంచి ఊరి పిండి మీద చార కనపడుతుంది. ఏమీ రాలేదు. కొలిమిలో ఎర్రగా కాల్చి, రాత్రంతా బూడిదలో కప్పెట్టి మెత్తబరిచాను. గీత గీసుకుని, కోసి, మళ్ళీ ఆకురాయి. పదును పట్టే రోజు అయస్కాంతం పక్కన పెట్టుకున్నాను. ఉక్కు కాలుతూ కాలుతూ ఒక చోట అయస్కాంతానికి అంటుకోవడం మానేస్తుంది, అక్కడ నుంచి ఇంకొంచెం వేడెక్కనిచ్చి, వెచ్చబెట్టిన వేరుశనగ నూనెలో నిలువుగా దించాలి. పెరట్లో బజ్జీలు వేసిన వాసన వచ్చింది. టింగ్ అనలేదు. తర్వాత కంపెనీ ఓవెన్‌లో 200 డిగ్రీల మీద రెండేసి గంటలు రెండుసార్లు పెట్టాను, సూపర్‌వైజర్‌ గారిని అడిగే. అంచుకి ఎండుగడ్డి రంగు తిరిగింది. గట్టిదనం కొలిచే రాక్‌వెల్ మెషీన్ మీద పెడితే 58 చూపించింది. ఆ అంకె చూసి నేను పొందిన సంతోషం మా పెళ్ళి రోజు కూడా పొందలేదంటే మా ఆవిడ ఇప్పటికీ అవునంటుంది.

పిడికి ఈట్టి చెక్క, అంటే మన రోజ్‌వుడ్. పాత ఫర్నిచర్ కొట్లో విరిగిపోయిన బల్లకాలు ఒకటి కొని నిలువునా చీల్చాను. లోపల ఊదా, నలుపు చారలు చూస్తే కళ్ళు తిప్పుకోలేకపోయాను. రెండు పక్కలా అరాల్డైట్‌తో అతికి, మూడు ఇత్తడి పిన్నులు దిగ్గొట్టాను. ఇక మెరుగు. 120 నంబరు ఎమరీ కాగితంతో మొదలుపెట్టి 1500 దాకా వెళ్ళాను. దాని మీద ఐదు కోట్లు పాలిష్. ట్యూబ్‌లైటు కింద పెడితే లైటు పొడుగునా అందులో కనపడేది. ఆ మెరుపు చూసుకుని నేను మురిసిపోయిన మాట నిజం. పిడి లావు మాత్రం నా చేతికి కొలిచి పెట్టుకున్నాను. ఇంకెవరి చేతికి కొలవను?

అమ్మే ఆలోచన అప్పటిదాకా లేదు. ఆ జూన్‌లో కంపెనీలో ఓవర్‌టైమ్ ఆగిపోయింది, పాప స్కూలు ఫీజు ముందుకొచ్చింది. ఒర కోసం పెరియమేడులో తోలు కొన్న కొట్టు భాయ్, నా టెన్షన్ చూసి, తన కౌంటరు మీద అద్దాల పెట్టెలో కత్తి పెట్టుకోమన్నాడు. ఆదివారాలు నన్నూ వచ్చి కూర్చోమన్నాడు. ధర నాలుగున్నర వేలు చెప్పాను. అప్పట్లో అది నా జీతంలో చాలా పెద్ద వాటా.

మొదట అడిగింది కోడంబాక్కం నుంచి వచ్చిన ప్రాపర్టీల ఆయన. మన తెలుగాయనే, తెనాలి వైపు. సినిమాలకి కత్తులూ తుపాకులూ అద్దెకిచ్చే వ్యాపారం. కత్తిని పిడి పట్టి తీయలేదు, రెండువేళ్ళతో బ్లేడు పట్టుకుని పైకెత్తి లైటుకి చూపించాడు. "పని బాగుంది బ్రదర్. కానీ ఇది లాంగ్ షాట్‌లో కనపడదు. పన్నెండంగుళాలు చెయ్యి, వెనకాల రంపప్పళ్ళు పెట్టు, ఆరువేలిస్తా" అన్నాడు. ఆయన పనికి అదే సరైనది, ఆయన అడిగినదాంట్లో తప్పేం లేదు. కానీ తొమ్మిదంగుళాల కన్నా పొడుగో, రెండంగుళాల కన్నా వెడల్పో ఉన్న కత్తికి, అది ఇంటి పనికో సేద్యానికో చేసింది కాకపోతే, ఆయుధాల రూల్సు ప్రకారం లైసెన్సు కావాలి. అదొక్కటే కాదు, మొన మీద మనసుపెట్టిన చేత్తో రంపప్పళ్ళు కొయ్యబుద్ధి కాలేదు.

తర్వాత టైడల్ పార్కులో పనిచేసే కుర్రాడు, చిత్తూరు వైపు వాడు. శనాదివారాలు నాగలాపురం కొండల్లో ట్రెక్కింగుకి వెళ్తాడట. చాలా చదివి వచ్చాడు. రాక్‌వెల్ ఎంత, గ్రైండు ఏ రకం, అంచు ఎన్ని డిగ్రీలు, అన్నీ అడిగి నోట్ చేసుకున్నాడు. అన్నీ నచ్చాయి. చివర్లో, "అన్నా, డమాస్కస్ లాగా అలలు ఉంటాయా?" అన్నాడు.

అక్కడ నేను కాస్త ఎక్కువే మాట్లాడాను. ఇప్పుడు డమాస్కస్ అని అమ్మేవి చాలావరకు రెండు రకాల ఉక్కుని పొరలు పొరలుగా అతికి, యాసిడ్‌లో ముంచి చార తేల్చినవి. పాతకాలపు అలలు వేరు, మూసలో కరిగించిన ఉక్కులోంచి వాటంతటవే పుట్టేవి. ఆ ఉక్కు మన నేలదే. నిజామాబాదు దగ్గర కోనసముద్రంలో కొనడానికి పర్షియా వర్తకులు వచ్చి కూర్చునేవారు. ఇంగ్లీషువాళ్ళు వూట్స్ అని రాసుకున్నది మన 'ఉక్కు' అన్న మాటే. లండన్‌లో మైకేల్ ఫారడే దాని గుట్టు విప్పాలని 1820 ప్రాంతాల్లో ప్రయోగాలు చేశాడు. కుర్రాడు కళ్ళు పెద్దవి చేసుకుని విన్నాడు. విని, "మరి ఇందులో అలలు లేవు కదన్నా" అన్నాడు. పైగా మద్రాసు ఉప్పుగాలికి ఇది తుప్పు పడుతుందని నేనే చెప్పాను, వాడిన ప్రతిసారీ తుడిచి నూనె రాయాలని. స్టెయిన్‌లెస్ అయితే చెప్పమని ఫోన్ నంబరు ఇచ్చి వెళ్ళాడు. మంచి పిల్లవాడు. కంటితో కొనేవాడు.

అడయారు నుంచి కారులో వచ్చిన పెద్దమనిషి ఒకాయన, ఈట్టి చెక్క తీసేసి కణుజు కొమ్ము పిడి వేస్తే ఎనిమిదివేలు ఇస్తానన్నారు. ఇంట్లో తాతల నాటి కొమ్ములున్నాయట. అది చట్టవిరుద్ధం, నా వల్ల కాదన్నాను. ఎవరికి తెలుస్తుందన్నారు. దండం పెట్టి పంపేశాను. ఎనిమిదివేలంటే పాప ఫీజు పోను ఇంకా మిగిలేది, ఆ రాత్రి ఆ లెక్క మనసులో తిరిగిన మాట దాచను.

నాకు నిజంగా గుచ్చుకున్న మాట మాత్రం భాయ్ స్నేహితుడు, మటన్ కొట్టు ఆయనది. కొనడానికి రాలేదు, టీ తాగడానికి వచ్చాడు. చూడొచ్చా అని అడిగి కత్తి చేతిలోకి తీసుకున్నాడు. బ్లేడు వైపు చూడలేదు. బొటనవేలు వీపు మీద ఆనించి, మణికట్టు అటూ ఇటూ తిప్పి, కళ్ళు మూసుకున్నంత పని చేశాడు. తర్వాత కౌంటరు మీది టీ గ్లాసు చెమ్మలో వేళ్ళు అద్ది మళ్ళీ పట్టుకున్నాడు. "జారుతుంది భయ్యా. కొవ్వు అంటితే ఇంకా జారుతుంది. పిడి అద్దం కాకూడదు." అంతే. టీ తాగి వెళ్ళిపోయాడు.

ఒప్పుకోలేకపోయాను. ఆయనకి ప్లాస్టిక్ పిడి అలవాటు, మన పనితనం ఏం తెలుస్తుందిలే అని సర్దిచెప్పుకున్నాను. ఐదు కోట్ల పాలిష్ అది!

ఆ రోజుల్లోనే ఒకసారి పాపని తీసుకుని ఎగ్మోరు మ్యూజియానికి వెళ్ళాను. అక్కడ తంజావూరు ఆయుధశాల నుంచి వచ్చిన కటార్లున్నాయి. తంజావూరుని ఏలిన నాయకులు తెలుగు మాట్లాడినవాళ్ళు కదా అని వాటి ముందు నిలబడితే నాకు ఏదో సొంతవాళ్ళ ఇంట్లో ఉన్నట్టుంటుంది. కొన్నింటికి బ్లేడు ఐరోపా నుంచి వచ్చినది, పిడి మాత్రం ఇక్కడే చేసినది. పాప అద్దానికి చెయ్యి ఆనించి, "నాన్నా, ఇందులో నీ చెయ్యి పట్టదు, నా చెయ్యి పడుతుంది" అంది. నిజమే, చాలా ఇరుకు పిడులు. ఎవరి చేతికి కొలిచి చేశారో అనుకుంటూ చాలాసేపు నిలబడ్డాను.

రాజుగారు వచ్చింది ఆగస్టులో. తెల్ల పంచె, తెల్ల చొక్కా, డెబ్బై దాటిన మనిషి. కొడుకు అణ్ణానగర్‌లో ఉంటే చూడ్డానికి వచ్చి, చెప్పులకి తోలు కొనడానికి పెరియమేడు వచ్చారు. నేను ఫోనులో మా ఆవిడతో మాట్లాడుతుంటే విని, "తెలుగువాడివా నాయనా?" అన్నారు. వాళ్ళది రాజపాళయం. విజయనగరం కాలంలో వలస వచ్చిన రాజుల కుటుంబం, ఇన్ని తరాల తర్వాత కూడా ఇంట్లో తెలుగే. ఆ తెలుగు వింటుంటే మా తాతమ్మ మాట్లాడినట్టు ఉంది. అరవం యాస ఉంటుంది, మధ్యమధ్య మనం మరిచిపోయిన మాట ఒకటి మెరుస్తుంది.

చొక్కా జేబులోంచి చిన్న కవరు తీసి చూపించారు. ఆ ఏడాది జనవరిలో మన కుక్కల జాతుల మీద పోస్టల్ వాళ్ళు నాలుగు స్టాంపులు వేశారు, అందులో ఒకటి రాజపాళయం కుక్క. తెల్లటి ఒళ్ళు, గులాబి రంగు ముక్కు. అడవిపంది వేటకి పెంచిన జాతి. వాళ్ళ నాన్నగారి దగ్గర ఆరు ఉండేవట. "నా పెండ్లినాటికి వేట ఉండె. తర్వాత చట్టమొచ్చె, మానుకొంటిమి. కుక్కలు మాత్రం ఉండాయి" అన్నారు. ఆ మాటలో బాధా లేదు, గొప్పా లేదు.

కత్తి తీసి చేతిలో పెట్టాను. ఆయన మొన మీద చూపుడువేలు ఆనించి, వీపు వాలు వెంబడి పిడిదాకా మెల్లగా రాశారు. నేను ఏమీ చెప్పకముందే, "పేగు తెగకుండా వాలగొట్టినావు" అన్నారు. అప్పటిదాకా ఎంతోమంది ఆ కత్తిని చూశారు. ఆ వాలు ఎందుకుందో చెప్పినవాళ్ళు ఎవరూ లేరు. నా గొంతు పట్టేసింది. నాలుగున్నర వేలు చెప్పినవాణ్ణి మూడున్నర చాలన్నాను. ఆయన నాలుగు వేలు లెక్కపెట్టి ఇచ్చారు. భాయ్ ఆ రోజు టీ డబ్బులు నన్ను ఇవ్వనివ్వలేదు.

కథ అక్కడ ఆగిపోతే నేను ఇది రాసేవాణ్ణి కాదు.

నెల తిరక్కుండా ఫోన్. కత్తి తీసుకుని ఇంటికొస్తామన్నారు. బ్లేడు విరిగిందా, అంచు పోయిందా అని నాకు కాళ్ళూచేతులూ ఆడలేదు. ఆదివారం పొద్దున ఆటోలో దిగారు, కూడా వాళ్ళావిడ. సన్నటి మనిషి, చిన్న చేతులు. మంచినీళ్ళు తాగి ఆవిడే మొదలుపెట్టారు. కత్తి రాజుగారు కొన్నా వాడేది ఆవిడట. పంపర పనస వొలవడానికి, చేప శుభ్రం చెయ్యడానికి, కొబ్బరి ముక్క గీయడానికి, దేనికైనా అదే. ఇంట్లో వేరే కత్తి ముట్టుకోవడం లేదట. "అంచు బంగారం నాయనా. పిడి మాత్రం తడిచేతికి నిలవడంలేదు. నాకు లావు కూడా" అన్నారు, కుడిచెయ్యి చాపి. బొటనవేలు మొదట్లో అర అంగుళం గాటు, మానుతోంది.

ఆ గాటు చూశాక మటన్ కొట్టు ఆయన మాట, టీ గ్లాసు చెమ్మలో అద్దిన వేళ్ళు, అన్నీ ఒక్కసారి కళ్ళముందుకొచ్చాయి. కోపం వస్తే బాగుండేది. సిగ్గు వచ్చింది.

పెరట్లో బల్ల వేసి, బ్లేడుకి గుడ్డ చుట్టి వైసులో బిగించాను. 120 నంబరు కాగితం చేతిలోకి తీసుకున్నాక ఒక్క క్షణం ఆగాను. ట్యూబ్‌లైటు కనపడే పిడి అది. రాజుగారు మా నాన్నగారి కుర్చీలో కూర్చుని చూస్తున్నారు. మొదటి రుద్దుకే మెరుపు తెల్లగా పొడి అయి రాలింది. తర్వాత చెక్క ఊదారంగు పొడి, దాని తియ్యటి వాసన. పొట్ట దగ్గర ఉబ్బు తీశాను, వేళ్ళు ఆనే చోట కొంచెం లోతు చేశాను. నాలుగు రుద్దులకోసారి వైసు విప్పి ఆవిడ చేతికిస్తున్నాను. ఆవిడ కుళాయి కింద చెయ్యి తడుపుకుని పట్టుకుని చూసి, "ఇంకొంచెం" అంటారు. మళ్ళీ వైసు, మళ్ళీ కుళాయి, మళ్ళీ ఇంకొంచెం. రెండు గంటలు పట్టింది. ఇత్తడి పిన్నులు కూడా చెక్కతో సమంగా అరిగాయి. చివరికి 220 దగ్గర ఆపేసి, పాలిష్ వెయ్యకుండా అవిసెనూనె రెండుసార్లు పట్టించాను. పొడిచేత్తో రాస్తే కొంచెం గరుకు. తడిచేత్తో పట్టుకుంటే అతుక్కున్నట్టు.

మా ఆవిడ వంటింట్లోంచి ఒక నిమ్మకాయ తెచ్చి ఇచ్చింది. రాజుగారి ఆవిడ తడిచేత్తోనే చక్రాల్లా కోశారు, కాగితమంత పలచగా, చెయ్యి ఒక్కసారి కూడా సర్దుకోకుండా. రాజుగారు ఒక చక్రం తీసుకుని ఎండకి పట్టి చూశారు. డబ్బులు ఇవ్వబోతే నేను తీసుకోలేదు. పళ్ళెంలో రాజపాళయం నుంచి తెచ్చిన మామిడి తాండ్ర పెట్టి, భోజనానికి ఉండమన్నా ఉండకుండా వెళ్ళారు.

నేను కిందపడ్డ పొడి ఊడుస్తుంటే మా ఆవిడ గుమ్మంలో నిలబడి ఉంది. ఆ కత్తి మా ఇంట్లో ఐదు నెలలు పెరిగింది, అంతకాలంలో తను దాన్ని ఒక్కసారి కూడా ముట్టుకోలేదు.

"అలాంటిది నాకొకటి చేస్తారా?" అంది.

ఆ రాత్రి పాప నోటుబుక్కు అట్ట చింపి, ఆవిడ చెయ్యి దాని మీద ఆనించి, వేలు వేలుకీ పెన్సిలుతో గీత గీసుకున్నాను.